కథ సగంలో ఆగిపోయింది. అసలు మీరంతా ఎలా రాస్తారు?

తనయ_ఒడ్డు (పర్లాకిమిడి) | శనివారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. చాన్నాళ్ళుగా చదవడమే గానీ ఇక్కడ పోస్టు పెట్టడం ఇదే మొదలు. ఒక కథ రాస్తన్నాను, పెళ్ళిళ్ళకి వండే వంట మేస్త్రి కథ. ఒడిశా సరిహద్దులో ఉన్న మా పర్లాకిమిడిలోనే జరుగుతాది, తెలుగోళ్ళ పెళ్ళికైనా ఒడియావాళ్ళ పెళ్ళికైనా ఆయనే వండుతాడు. గాడిపొయ్యి తవ్వడం దగ్గర మొదలెట్టాను, అది బాగానే వచ్చింది. చివర కూడా తెలుసు, పెళ్ళివారంతా వెళ్ళిపోయాక ఆయనొక్కడే గుండిగలు తోముకుంటూ ఉంటాడు, ఎందుకంటే దగ్గర పనిచేసే కుర్రాడు పెళ్ళి ముందు రోజు రాత్రి గొడవపడి వెళ్ళిపోయాడు. ఆ గొడవేటో మాత్రం రావట్లేదు. ఏది రాసినా సినిమా డైలాగులా వస్తంది.

అందుకే అడుగుతున్నాను, మీరు ముందే ప్లాన్ వేసుకుంటారా లేకపోతే కూర్చుని రాసుకుంటూ పోతారా? ఏ టైంలో రాస్తారు, చేత్తోనా ఫోన్లోనా? ఇలా మధ్యలో ఆగిపోతే ఏం చేస్తారు? "ఇన్‌స్పిరేషన్ కోసం ఆగండి" అని మాత్రం చెప్పొద్దు ప్లీజ్, స్కూల్లో పిల్లలకి పరీక్షలు, ఆ తర్వాత నాకు ఖాళీ ఉండదు.

గుణుపూర్_బండి | శనివారం రాత్రి 9:40

నాది వేరే పద్ధతి లెండి. నేను రోజూ గుణుపూర్ నుంచి నౌపడా వైపు వెళ్ళే బండిలో ఉద్యోగానికి వెళ్ళొస్తాను, కథంతా ఆ కిటికీ పక్కనే బుర్రలో నడిపిస్తాను, కాగితం మీద ఒక్క ముక్క పెట్టను. నేరో గేజ్ రోజుల్లో అయితే (2004లో ఆపేశారు కదా, బ్రాడ్ గేజ్ వేసి మళ్ళీ గుణుపూర్ దాకా వచ్చేసరికి 2011) ఇంకా సుఖంగా ఉండేది, ఆ బండి నడిచే తీరుకి దిగేలోపు నవలే అయిపోయేది. ఇప్పుడు స్పీడు పెరిగింది, నేను చిన్న కథలకి వచ్చాను 😀

నా రూలు ఒకటే, ఆఖరి వాక్యం మాటతో సహా తెలిసాకే పెన్ను తీస్తాను. వెళ్ళేటప్పుడు అనుకున్న సీను వచ్చేటప్పుడు గుర్తు రాలేదంటే అది కథలో ఉండాల్సిన సీను కాదు. నోట్సు రాసుకుంటే అన్నీ గుర్తుంటాయి, అనవసరమైనవి కూడా, అదే నోట్సుతో వచ్చిన చిక్కు.

రాయగడ_తపాలా | శనివారం రాత్రి 10:05

నేను పూర్తిగా ఉల్టా. ఐదింటికి లేస్తాను, ఇంట్లో వాళ్ళు లేచేలోపు ఒక పేజీ రాయాలి, బాగున్నా బాగోకపోయినా పేజీ నిండాలి. మూడ్ గీడ్ ఏమీ లేదు. పేజీ నిండితే టీ, లేకపోతే లేదు.

ఈ విషయంలో మా తపాలా డిపార్ట్‌మెంటుకి ఒక పెద్దదిక్కు ఉన్నాడు, ఆంథొనీ ట్రాలప్ అని 19వ శతాబ్దపు ఇంగ్లీషు నవలాకారుడు, వాళ్ళ పోస్టాఫీసులోనే ఉద్యోగం. పొద్దున ఐదున్నరకల్లా బల్ల ముందు కూర్చుని గడియారం ఎదురుగా పెట్టుకుని పావుగంటకి 250 మాటలు లెక్కన రాసి, ఆ తర్వాత డ్యూటీకి వెళ్ళేవాడు. ఒక నవల అయిపోతే ఇంకోటి మొదలెట్టడమే, మధ్యలో సెలవు లేదు. ఈ లెక్కంతా ఆత్మకథలో దాచకుండా రాసుకున్నాడు, ఆయన పోయాక 1883లో అచ్చయింది. ఛ, రచన అంటే ఇదా, కూలి లెక్కా అని చాలామంది పెదవి విరిచారు. నాకు మాత్రం అది చదివాక ధైర్యం వచ్చింది. కాకపోతే 250 మాటల లెక్క తెలుగులో కుదరదు, మనవి మాటకి మాట అతుక్కుని పొడుగ్గా ఉంటాయి, అందుకే నేను పేజీ లెక్క పెట్టుకున్నాను.

ఆగిపోయినప్పుడు ఏం చేస్తానంటే, ఆ రోజు కథ రాయను, కథ గురించి రాస్తాను. మీ మేస్త్రికి ఆ రాత్రి భయం దేనికి? డబ్బులకా, పరువుకా, ఉప్పు ఎక్కువవుతుందనా? పైన ఈ ప్రశ్న రాసి కింద ఏది వస్తే అది రాయండి. అది ఎవరికీ చూపించేది కాదు కాబట్టి సినిమా డైలాగు రాదు.

జయపురం_కుర్రోడు | శనివారం రాత్రి 11:31

హాయ్ అక్కా. నేను ఫోన్‌లోనే రాస్తా, యాప్‌లో సీరియల్, దెయ్యాల కథ. ప్లాన్ జీరో. రాత్రికి ఎపిసోడ్ పెట్టీసి పడుకుంటా, పొద్దున లేచి కామెంట్లు చూస్తా, జనం ఎవరి మీద డౌట్ పడ్డారో వాడు కాకుండా ఇంకొకణ్ణి దెయ్యం చేస్తా. ఇప్పటికి దెయ్యం ఎవరో నాకే తెలీదు నిజంగా.

ఇంకో సంగతి, ఇది నవ్వొద్దు ఎవరూ. నేను చదివింది ఒడియా మీడియం, ఇంట్లో తెలుగు. తెలుగు అక్షరాలు అమ్మమ్మ నేర్పింది గానీ చేత్తో స్పీడు రాదు. అందుకని ముందు తెలుగు మాటల్నే ఒడియా అక్షరాల్లో నోట్‌బుక్‌లో గీకేస్తా, తర్వాత చూసుకుంటూ తెలుగులో టైప్ చేస్తా. అలా మార్చేటప్పుడు ప్రతి లైనూ మళ్ళీ నోట్లో అనుకోవాలి కదా, అక్కడే సగం ఎడిటింగ్ అయిపోతాది. నేరుగా తెలుగులో టైప్ చేసిన ఎపిసోడ్లు రెండు ఉన్నాయి, అవి మరీ సాగాయి, ఫ్రెండ్స్ కూడా అదే అన్నారు.

పాతపట్నం_మాస్టారు | ఆదివారం ఉదయం 6:50

నవ్వేదేముంది నాయనా, మన సరిహద్దు ఊళ్ళల్లో ఇంటింటా ఉన్నదే. లిపి మార్చుకుంటూ రాయడం మంచి అలవాటు, మానకు. కానీ కామెంట్లు చూసి దెయ్యాన్ని మార్చేవాణ్ణి ఏమనాలి? నీ కథలో దెయ్యం ఎవరో నీకే తెలియకపోతే, మొదటి ఎపిసోడ్‌లో తలుపు ఎందుకు చప్పుడయిందో ఎవరు చెప్తారు?

తనయ గారూ, నేను లాంగ్‌బుక్‌లో చేత్తో రాస్తాను, ఎడమవైపు పేజీ ఖాళీగా వదిలేసి కుడివైపే రాయడం. ఎడమది దిద్దుబాట్లకి. రాసింది పెట్టెలో పడేసి ఒక పండగ దాటాక తీస్తాను, అప్పటికి అది ఎవరో రాసినట్టు కనిపిస్తుంది, కొట్టేయడానికి చేతులు రావడం కష్టం కాదు. గురజాడ వారి కన్యాశుల్కం 1892లో నాటకంగా ఆడారు, 1897లో పుస్తకం వచ్చింది, మెచ్చుకున్నారు కూడా. ఇంకొకరైతే అక్కడితో సరి. ఆయన దాన్ని మళ్ళీ పట్టుకుని 1909లో దాదాపు కొత్త నాటకమే అనిపించేటట్టు పెంచి రాసి మళ్ళీ అచ్చు వేయించారు. మనం ఇవాళ చదువుతున్నది ఆ రెండోది. పేరొచ్చిన రచనని విప్పి మళ్ళీ కుట్టడానికి ఎంత గుండె కావాలో ఆలోచించండి.

జయపురం_కుర్రోడు | ఆదివారం ఉదయం 9:15

మాస్టారూ, మరి పాతరోజుల్లో వారపత్రికల సీరియళ్ళు కూడా ఇంతే కదేటి? వారం వారం పాఠకుల ఉత్తరాలు వచ్చేవి, చూసి రాసేవారు కదా. అప్పుడది సాహిత్యం, ఇప్పుడు మేం రాస్తే టైంపాసా?

పాతపట్నం_మాస్టారు | ఆదివారం ఉదయం 9:32

ఉత్తరం రావడానికి వారం పట్టేది. ఆ వారంలో రచయిత కొంచెం ఆలోచించేవాడు. నీకు ఆ వారం లేదు, అదే నా బాధ. సరే, సగం ఒప్పుకుంటున్నాను, ఎక్కువ సంబరపడకు.

నిర్వాహకుడు | ఆదివారం ఉదయం 9:40

సీరియల్ గొడవకి వేరే థ్రెడ్ ఉంది, అక్కడ చూసుకోండి. ఇక్కడ రాసే పద్ధతుల గురించి.

కోరాపుట్_మబ్బు | ఆదివారం మధ్యాహ్నం 1:20

నేను కవితలే రాస్తాను కాబట్టి పెద్దగా పనికిరాదేమో. కూర్చుంటే నాకు ఏదీ రాదు. దేవమాలి కొండ వైపు నడుస్తుంటే ఒక లైను వస్తుంది, దాన్ని ఇంటికొచ్చేదాకా నోట్లో తిప్పుతుంటాను. గేటు దగ్గరికొచ్చేసరికి లైను మారకుండా ఉంటే రాసుకుంటాను, మారుతూనే ఉంటే ఇంకోరోజు. వానాకాలం నడక ఉండదు, కవితలూ ఉండవు. జూలై ఆగస్టుల్లో నోట్‌బుక్కే చెమ్మెక్కిపోతుంది ఇక్కడ.

ఉద్యోగం చేస్తూ రాయలేం అని ఎవరైనా అంటే నాకు గోపీనాథ్ మహంతి గారు గుర్తొస్తారు. ఒడియా నవలాకారుడు, 1973 జ్ఞానపీఠ్. ప్రభుత్వ ఉద్యోగిగా మా కోరాపుట్ కొండల్లో తిరిగినాయనే, ఇక్కడి ఆదివాసుల బతుకు నవలల్లోకి తెచ్చారు. క్యాంపులకి వెళ్ళే ఉద్యోగం చాలామందికి విసుగు, ఆయనకి అదే కథల గని.

తనయ_ఒడ్డు | ఆదివారం మధ్యాహ్నం 3:05

అందరికీ థాంక్స్. తపాలా గారూ మీరు చెప్పినట్టు "మేస్త్రికి భయం దేనికి" అని రాసి కూర్చున్నాను. రెండు పేజీలు వచ్చాయి, చాలావరకు చెత్తే గానీ ఒక లైను పనికొచ్చేలా ఉంది, "లెక్క అడిగితే చెప్పలేను" అని. ఎందుకు వచ్చిందో తెలీదు.

ఇంకో డౌటు. మేస్త్రి మాట్లాడితే పుస్తకం మాట్లాడినట్టే ఉంది. మా వీధిలో అలా ఎవరూ మాట్లాడరు, నేనూ మాట్లాడను, మరి చెయ్యి ఎందుకలా రాస్తుందో.

పాతపట్నం_మాస్టారు | ఆదివారం సాయంత్రం 4:10

మీరుండే ఊరు గుర్తుందా అమ్మా? గిడుగు రామమూర్తి పంతులుగారు మీ పర్లాకిమిడిలోనే పాఠాలు చెప్పారు. అక్కడి కొండల్లో ఉండే ఆదివాసులు, సవరలు మాట్లాడేది నేర్చుకోవాలని వాళ్ళని ఇంట్లోనే ఉంచుకుని, వాళ్ళ మాట విని, పాట విని రాసుకున్నారు, కొండలెక్కి తిరిగారు. మలేరియా పట్టుకుంటే క్వినైన్ మింగి మింగి వినికిడి పోగొట్టుకున్నారు. చెవుడొచ్చినా వదల్లేదు, 1931లో సవర భాష వ్యాకరణం, 1938లో నిఘంటువు అచ్చయ్యాయి. వాడుక భాష కోసం అంత పోట్లాడినాయన అసలు చేసిన పని కూర్చుని వినడం.

మీరూ అదే చెయ్యండి. గురువారమో శుక్రవారమో ఏ సంత ఉంటే ఆ సంతకి వెళ్ళి ఒక గంట కూరగాయల దగ్గర నిలబడండి. ఇంటికొచ్చి గుర్తున్నంత రాసుకోండి. ఫోన్లో రికార్డు చెయ్యకండి, అడక్కుండా చెయ్యడం తప్పు కూడాను.

బరంపురం_పిన్ని | ఆదివారం రాత్రి 10:48

ఇప్పటికి వంటిల్లు సర్దడం అయింది, ఇంక నా వంతు. మాస్టారు చెప్పింది నిజం. అడిగి రికార్డు చేస్తే ఇంకా చెడ్డ, మనుషులు రికార్డు అనగానే పెళ్ళిచూపులకి కూర్చున్నట్టు మాట్లాడతారు.

నాకు బల్లా లేదు కుర్చీ లేదు. మాది నేత ఇల్లు, మావారు మగ్గం మీద ఉంటే (చీరకి ఫోడా కుంభం అంచు, అదే గుడి గోపురాల వరసలా ఉండేది, వేసేటప్పుడు పలకరిస్తే విసుక్కుంటారు) నేను పొయ్యి దగ్గర ఉంటాను. కూర ఉడికేలోపు ఏం తోస్తే అది ఫోన్‌కి చెప్పీసి పెట్టుకుంటాను. మొదట్లో వాయిస్ టైపింగ్ పెట్టాను, అదేమో నా మాట అర్థం కాక తోచింది రాసీది, "ఏటి సేస్తన్నావు" అంటే ఏదో వార్తలు చదివినట్టు తిప్పి రాసీది, విసుగొచ్చి మానీసాను. ఇప్పుడు ఉత్త ఆడియోనే. రాత్రి అందరూ పడుకున్నాక ఇయర్‌ఫోన్ పెట్టుకుని నా గొంతు నేనే వింటాను. మీరు నమ్మరు గానీ ఎక్కడ కథ బాగోలేదో గొంతే చెప్పీస్తాది, నాకు ఇష్టం లేని చోట గబగబా చదివీసినట్టు చెప్పుంటాను, ఇష్టమైన చోట పోపు మాడిపోతున్నా ఆగి చెప్పుంటాను. గబగబా ఉన్నది రాయను, అంతే. ఆగి చెప్పిందే టైపు చేస్తాను. నా కథల్లో వర్ణనలు ఉండవు అని ఒకాయన అన్నారు, పొయ్యి మీద కూర పెట్టుకుని వర్ణనలెలా చెప్తాను బాబూ.

ఇప్పుడు నీ కథకొస్తాను తనయమ్మా. మా పుట్టింటి వైపు వంట మేస్త్రులు ఉన్నారు, అందుకని చెప్తున్నాను, పెళ్ళి ముందు రోజు రాత్రి కుర్రాడు వెళ్ళిపోడు. వెళ్ళిపోతే పెళ్ళి ఆగిపోతాది. ఐదొందలమందికి వంటంటే ఒక మేస్త్రి ఒక కుర్రాడు కాదు, కూరలు తరగడానికి ఆడోళ్ళు ఉంటారు, నీళ్ళు మోసేవాడు వేరు, పప్పు రుబ్బినవాడు వేరు. రాత్రంతా తరుగుడే, తెల్లారకముందే పొయ్యి అంటించాలి. మేస్త్రి ఆ రాత్రి పడుకోడు, పడుకున్నట్టు కళ్ళు మూసుకుంటాడు. గొడవలుంటాయి, ఎందుకుండవు, కానీ అవి వంట అయిపోయాక. దేనికంటే సామాన్ల జాబితా. ఎన్ని కేజీల బియ్యం, ఎన్ని డబ్బాల నూనె, నెయ్యెంత అని మేస్త్రి ముందే పెళ్ళివారికి జాబితా ఇస్తాడు, వాళ్ళు తెస్తారు. ఆఖర్న మిగిలిన నూనె నెయ్యి ఎవరిది? పెళ్ళివారిదా, మేస్త్రిదా? జాబితాలో ఎక్కువ రాసి మిగుల్చుకున్నాడంటే పరువు పోయినట్టే, ఇంక ఆ వీధిలో ఇంకో పెళ్ళి దొరకదు. నేను చూసిన గొడవలన్నీ అక్కడివే.

గుణుపూర్_బండి | ఆదివారం రాత్రి 11:02

పిన్నిగారూ, మేమందరం రెండు రోజులుగా పద్ధతులు చెప్తున్నాం, మీరు వచ్చి కథ చెప్పేశారు.

తనయ_ఒడ్డు | ఆదివారం రాత్రి 11:20

పిన్నీ!! "లెక్క అడిగితే చెప్పలేను" అన్న లైను ఇదే. ఇప్పుడు చూడండి, మా మేస్త్రికి ఒడియా మాట్లాడ్డం బాగా వచ్చు, చదవడం రాదు. ఒడియావాళ్ళ పెళ్ళికి జాబితా ఒడియాలో ఇవ్వాలి కదా, అది కుర్రాడు రాస్తాడు, వాడు ఒడియా మీడియం (జయపురం తమ్ముడూ నిన్ను వాడుకుంటన్నాను, ఏమనుకోకు). మేస్త్రి చెప్తుంటే వాడు రాసాడు. ఆఖర్న నెయ్యి డబ్బా మిగిలిపోయింది. పెళ్ళికూతురి బాబయ్య జాబితా పట్టుకొచ్చి మేస్త్రి చేతిలో పెట్టి "ఇదేటి" అని అడుగుతాడు, ఆయన దాన్ని చదివినట్టు చూస్తాడు, చూస్తూనే ఉంటాడు.

జయపురం_కుర్రోడు | ఆదివారం రాత్రి 11:24

వాడుకో అక్కా 😂 కానీ వాడు దొంగ అయితే ఒప్పుకోను.

పాతపట్నం_మాస్టారు | సోమవారం ఉదయం 6:30

బాగుంది. ఒక్క మాట. కుర్రాడు ఎక్కువ రాశాడా, మేస్త్రే ఎక్కువ చెప్పాడా, పెళ్ళికి జనమే తక్కువ వచ్చారా అనేది కథలో ఎక్కడా చెప్పకండి.

రాయగడ_తపాలా | సోమవారం ఉదయం 6:41

చెప్పొద్దు సరే, కానీ రాసేవాళ్ళకి తెలియాలి మాస్టారూ. మీరే కదా దెయ్యం ఎవరో తెలియకుండా తలుపు చప్పుడు చేయించొద్దన్నారు. తనయ గారూ, ఒక కాగితం మీద అసలు జాబితా రాయండి, బియ్యం దగ్గర్నుంచి కరివేపాకు దాకా, కేజీలతో సహా. మేస్త్రి చెప్పిన లెక్క ఒకటి, కుర్రాడు రాసింది ఒకటి. అది కథలో పెట్టక్కర్లేదు.

పాతపట్నం_మాస్టారు | సోమవారం ఉదయం 6:55

ఇది ఒప్పుకోక తప్పదు. ఇంకోటి, వీలుంటే పరీక్షలయ్యాక శ్రీకాకుళంలో తెలుగు కథల లైబ్రరీ, కథానిలయానికి ఒకసారి వెళ్ళి రండి. కథకులు కాళీపట్నం రామారావు గారు, మన కారా మాస్టారు, 1997లో పెట్టింది, పాత పత్రికలూ సంపుటాలూ కుప్పలుగా ఉంటాయి. ఏదో ఒక పాత సంపుటం తీసి కథల మధ్యభాగం మాత్రం చదవండి, మొదలూ చివరా వదిలేసి. గొడవ అసలెంత చిన్న మాట మీద మొదలవుతుందో అక్కడ తెలుస్తుంది.

గుణుపూర్_బండి | సోమవారం ఉదయం 8:10

బండిలో ఉన్నాను, మీ కథే తిప్పుతున్నాను అనుమతి లేకుండా. మీ చివరి సీను ఇంక నిలబడదండి. కుర్రాడు వంటయ్యాక వెళ్తే గుండిగలు తోమాల్సింది వాడే కదా. మేస్త్రి తోముతున్నాడంటే కుర్రాణ్ణి ముందే పంపించేసినట్టు, అంటే బాబయ్యకి దొరక్కుండా తప్పించినట్టు. అప్పుడు నింద ఆయనే మోసినట్టవుతుంది. ఇది మీరనుకున్నదానికంటే బాగుందనిపిస్తోంది, లేకపోతే వదిలేయండి, టెక్కలి వస్తోంది.

కోరాపుట్_మబ్బు | సోమవారం ఉదయం 8:35

వదలొద్దు.

తనయ_ఒడ్డు | సోమవారం రాత్రి 9:50

స్కూల్లో ఇన్విజిలేషన్ చేస్తూ కూడా ఇదే ఆలోచన. అసలు జాబితా రాసాను, రెండు రకాలుగా. నెయ్యి దగ్గర తేడా పెట్టాను, ఎవరు పెట్టారో చెప్పను, జయపురం తమ్ముడు ఏడుస్తాడు. పిన్ని చెప్పినట్టు చెప్పుకుంటూ రికార్డు కూడా చేసాను, గాడిపొయ్యి తవ్వడం గురించి ఒకటిన్నర పేజీ ఉంది కదా, అది గబగబా చదివీసాను. అంటే అది పోవాలన్నమాట.

జయపురం_కుర్రోడు | సోమవారం రాత్రి 10:02

అక్కా, కుర్రాడు ఏ భాషలో మాట్లాడతాడు? నేనైతే జయపురంలో రోజుకి మూడు మాట్లాడతా.

తనయ_ఒడ్డు | సోమవారం రాత్రి 10:06

పొయ్యి దగ్గర తెలుగు, పెళ్ళివారితో ఒడియా. మేస్త్రిని డబ్బులడిగేటప్పుడు మాత్రం హిందీ.

బరంపురం_పిన్ని | సోమవారం రాత్రి 10:31

ఆ డబ్బులడిగేది ముందు రాసీ. మిగతాది తర్వాత చూద్దాం.